మల్లేశ్వరం మేడ మీది బొంతల బల్ల: ఏడాదిన్నర అనుభవం

బెంగళూరు మల్లేశ్వరంలో, సంపిగె రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఒక పాత ఇంటి మేడ మీద ప్రతి శనివారం ఉదయం పదకొండు గంటల నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా క్విల్టింగ్, అంటే గుడ్డ ముక్కలు అతికి పొరలు కలిపి బొంతలు కుట్టే పని, నేర్పుతారు. బయట బోర్డు లేదు. ఆ ఇంటావిడ చాలా ఏళ్లు టైలరింగ్ పాఠాలు చెప్పి, తరవాత పూర్తిగా ఈ పనిలోకి వచ్చారు. నోటి మాట మీదే మనుషులు చేరుతుంటారు. ఏ శనివారం వెళ్లినా పది పన్నెండు మంది కనిపిస్తారు, అందులో నలుగురైదుగురం తెలుగువాళ్లం. మనవరాలిని చూసుకోవడానికి గుంటూరు నుంచి మా అమ్మాయి ఇంటికి వచ్చిన కొత్తలో నేను అక్కడ చేరాను. ఏడాదిన్నర అయింది. ఈ మధ్య మా అపార్ట్‌మెంటులో ముగ్గురు "అక్కడికి వెళ్లవచ్చా, డబ్బుకు తగిన పని నేర్పుతారా" అని అడిగారు కనుక, నాకు తెలిసినదంతా వివరంగా రాస్తున్నాను.

మొదటి విడత ఎనిమిది శనివారాలు. దానికి 4,800 రూపాయలు తీసుకున్నారు. ఆ తరవాత కూర్చున్న రోజుకు 200 రూపాయలు ఇస్తే చాలు. కుట్టు మిషన్లు ఐదు, కటింగ్ మ్యాట్లు, రోటరీ కట్టర్లు (గుడ్డ కోసే చక్రపు కత్తులు), స్కేళ్లు అన్నీ అక్కడివే వాడుకోవచ్చు, గుడ్డ మాత్రం మనదే. ఆవిడ ఇంట్లో మాట్లాడేది కన్నడమైనా తెలుగు చక్కగా అర్థం చేసుకుంటారు, తప్పు చూపించేటప్పుడు మన మాటలోనే చెబుతారు.

ఆ గది మధ్యలో పొడవాటి బల్ల ఒకటి ఉంది. ఉదయం మొదటి గంటలో ఎవరూ మిషను ముట్టుకోరు. గత శనివారం నుంచి తాము కుట్టింది, కుట్టి విప్పింది, కత్తిరించి అలాగే వదిలేసింది, ఏదైనా సరే ఆ బల్ల మీద పరిచి చూపించాలి. ఏమీ చేయనివాళ్లు ఎందుకు చేయలేకపోయారో చెబుతారు. కొడుకు పదో తరగతి పరీక్షలని ఒకరు, అత్తగారికి షుగరు పెరిగి ఆసుపత్రిలో ఉన్నారని ఒకరు, పనమ్మాయి ఊరికి వెళ్లిందని ఒకరు. మొదట్లో ఈ గంట నాకు వృథాగా తోచింది. మూడో వారానికల్లా అభిప్రాయం మారింది, ఎందుకంటే పూర్తయిన బొంతను చూస్తే అందం తెలుస్తుందే తప్ప పని తెలియదు. విప్పిన కుట్టును చూసినప్పుడే ఆ కుట్టు ఎందుకు తప్పిందో, దాన్ని సరిచేయడానికి ఎవరు ఏ ఉపాయం పట్టారో తెలుస్తుంది. ఈ బల్ల కోసమే నేను ఇప్పటికీ వెళుతున్నాను.

పాఠం విషయానికి వస్తే, ఆవిడ మొదటి రెండు వారాలు పావు అంగుళం కుట్టు తప్ప మరేమీ చెప్పరు. ముక్కల పనిలో రెండు గుడ్డలు కలిపేటప్పుడు అంచు నుంచి పావు అంగుళం లోపలికి కుట్టు పడాలి. జాకెట్లు కుట్టి అలవాటున్న నా చెయ్యి కొంచెం ఎక్కువ గుడ్డనే లోపలికి తీసుకునేది. మూడున్నర అంగుళాల చదరాలు తొమ్మిదింటిని మూడేసి చొప్పున మూడు వరుసలుగా కలిపితే తొమ్మిదిన్నర అంగుళాల గడి రావాలి. నాకు తొమ్మిదింపావు వచ్చింది. పావు అంగుళమే కదా అని నేను అనుకుంటున్నంతలో ఆవిడ కాగితం తీసి లెక్క వేసి చూపించారు. కుట్టు ఒక వీసం, అంటే అంగుళంలో పదహారో వంతు, ఎక్కువ లోపలికి పోతే రెండు ముక్కలకూ కలిపి ఒక్కో కుట్టు దగ్గర అంగుళంలో ఎనిమిదో వంతు పోతుంది. ఒక గడి అడ్డంలో రెండు కుట్లు. అలాంటి గళ్లు ఐదు పక్కపక్కన కలిపితే, గళ్లను కలిపే కుట్లతో సహా ఒకటిముప్పావు అంగుళం తగ్గిపోతుంది. ఒక వరుస అలా తగ్గి పక్క వరుస సరిగా ఉంటే మూలలు ఎన్నటికీ కలవవు. పరీక్షకు తేలికైన పద్ధతి ఒకటి చెప్పారు: ఒకటిన్నర అంగుళం వెడల్పున్న పట్టీలు మూడు పక్కపక్కన కుట్టి ఇస్త్రీ చేస్తే, నడిమి పట్టీ సరిగ్గా ఒక అంగుళం రావాలి. వచ్చేదాకా నాలుగుసార్లు కుట్టాను. మిషను పళ్లెం మీద సూది నుంచి పావు అంగుళం దూరంలో మందపాటి టేపు అంటించి, గుడ్డ అంచును దానికి ఆనించి తోయమన్నారు. ఇంట్లో నా మిషనుకూ ఇప్పుడు అదే టేపు ఉంది.

రోటరీ కట్టర్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1979లో జపానుకు చెందిన ఓల్ఫా కంపెనీ తెచ్చిన ఈ చక్రపు కత్తి వచ్చాక ఇంట్లో నాలుగైదు పొరల గుడ్డను ఒక్కసారిగా, తిన్నగా కోయడం తేలికైంది. 45 మిల్లీమీటర్ల చక్రం చాలా పనులకు సరిపోతుంది. అది బ్లేడంత పదును కనుక ప్రతి కోత తరవాత మూత వేసి కింద పెట్టాలన్నది ఆ గదిలో కచ్చితమైన నియమం. మూత వేయడం మరచినవాళ్లను, వయసుతో పని లేకుండా, ఆవిడ అందరి ముందూ ఆపుతారు. మంచి పనే చేస్తున్నారు.

నాకు అన్నిటికంటే నచ్చింది మన బొంతకు ఆ గదిలో దొరికే గౌరవం. క్విల్టింగ్ అనగానే అమెరికా నుంచి వచ్చిన విద్య అనుకునేవాళ్లున్నారు. మా అమ్మ తరంలో ఎండాకాలం మధ్యాహ్నాలు పాత నూలు చీరలు నాలుగైదు పొరలుగా అరుగు మీద పరిచి, నాలుగు మూలలా నలుగురు కూర్చుని పెద్ద సూదితో వరుస కుట్లు వేసేవారు. బాలింతకూ పసిబిడ్డకూ ఆ మెత్తదనానికి సాటి వచ్చే పక్క లేదు. ధారవాడ నుంచి వచ్చిన ఒకావిడ దాన్నే కౌది అంటారు. మహారాష్ట్రలో గోధడి, బెంగాలులో కాంథా. ఆ గదిలో గోడకు వేలాడే బొంత ఒకటుంది, అది ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ స్త్రీల పనితనం. వాళ్ల పూర్వికులు ఆఫ్రికా నుంచి వచ్చినవారు. యల్లాపుర, హళియాళ ప్రాంతాల్లో ఉంటారు. ఈ గదిలో మేం ముందు ముక్కలతో పైభాగం కుట్టుకుని తరవాత పొరలు కలుపుతాం. వాళ్లు ఒక చీరను అడుగున పరిచి, అంచు దగ్గర మొదలుపెట్టి, ముక్క వెంట ముక్క చేర్చుకుంటూ చుట్టూ తిరిగి నడిమికి వచ్చి ముగిస్తారు. నాలుగు మూలలా మడిచిన చిన్న త్రికోణపు ముక్కలు పెడతారు, వాటిని పువ్వులంటారు. అవి లేని బొంత వాళ్ల లెక్కలో పూర్తి కానట్టే. మా గురువుగారు ఆ బొంతను కిందికి దింపి వెనక వైపు కూడా చూడనిచ్చారు. కుట్లు ఒకదానికొకటి సమాన దూరంలో లేవు, అయినా చుట్టూ తిరిగే ఆ వరసలో చెయ్యి ఎక్కడా ఆగినట్టు లేదు. పావు అంగుళం గురించి రెండు వారాలు పట్టుబట్టిన మనిషే, కొలబద్ద లేని ఆ పనిని మా ముందు అంత ఆదరంగా పరిచారు.

నిరుడు కార్తీక మాసంలో మదనపల్లె నుంచి వచ్చిన ఒక అక్కయ్య కాలం చేసిన తన భర్త చొక్కాలు సంచి నిండా తెచ్చి బల్ల మీద పెట్టారు. వాటితో ఒక బొంత కావాలన్నారు. అమెరికాలో అలబామా రాష్ట్రం జీస్ బెండ్‌లో 1942లో మిస్సౌరి పెట్‌వే అనే ఆవిడ తన భర్త పోయాక ఆయన పొలం పని బట్టలతో ఇలాగే బొంత కుట్టుకున్నారని మా గురువుగారు చెప్పి, దాని బొమ్మ చూపించారు. ఆ ఊరి బొంతలు 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో ప్రదర్శనకు వచ్చాక ప్రపంచానికి తెలిశాయట. అయితే ఆ బట్టలు నూలువి, ఈ చొక్కాల్లో సగం టెరికాటన్, అంటే పాలిస్టర్ కలిసిన నూలు. టెరికాటన్ మడత నిలవదు, ఇస్త్రీ వేడి ఎక్కువైతే మెరుపు తేలుతుంది, నూలు ముక్క పక్కన కుడితే ఒకవైపు ముడత లాగుతుంది. ఇది విని నలుగురూ నాలుగు విధాలుగా ఆలోచించారు. చివరికి టెరికాటన్ ముక్కల వెనక పల్చటి నూలు గుడ్డ కలిపి కోసి, ఇస్త్రీ వేడి తగ్గించి, పైన తడి గుడ్డ వేసి ఒత్తితే సరిపోయింది. ఒక తెల్ల చొక్కా జేబు కింద పెన్ను కారిన నీలి మరక ఉంది. ఆ మరక కుట్టు లోపలికి పోయేట్టు కోద్దామని నేనే అన్నాను. అక్కయ్య వేలితో ఆ మరకను తడిమి, "వద్దమ్మా, అది పైనే ఉండనీ. ఆయన ఇరవై ఆరేళ్లు బళ్లో హాజరు వేసింది ఆ పెన్నులతోనే" అన్నారు. జేబును విప్పకుండా, మరకతో సహా గడి నడిమికి వచ్చేట్టు కోశాం. ఆ బొంతకు అంచు పట్టీ ఆమే వేసుకున్నారు; టాకాలు మాత్రం ఆరుగురం కూర్చుని ఒక్క పూటలో వేశాం.

అదే అక్కయ్య చలికాలంలో అనపకాయలు తెస్తారు. బెంగళూరులో అవరెకాయి అని వీధి వీధినా కుప్పలు పోసి అమ్మే రోజులవి. గుడ్డ బల్ల దగ్గరికి తిండి రాకూడదు కనుక, మధ్యాహ్నం భోజనానికి వరండాలో కూర్చున్నప్పుడు అందరం నానిన గింజల పొట్టు పితికి ఇచ్చేవాళ్లం. మరుసటి వారం ఆమె పితికిపప్పు కూర డబ్బాలో తెచ్చేవారు. దానికోసం కూడా ఎదురుచూశానని చెప్పకపోతే అన్యాయం అవుతుంది.

నా తప్పు ఒకటి, కొత్తవాళ్లకు పనికి వస్తుందని రాస్తున్నాను. మనవరాలి బొంతలో తెల్ల గుడ్డ పక్కన పాత చీర ఎర్ర అంచు వాడాను. ఎన్నోసార్లు ఉతికిన చీరే కదా అని విడిగా పరీక్షించలేదు. మొదటిసారి ఉతికేసరికి తెల్ల గళ్లన్నీ గులాబీ రంగుకు తిరిగాయి. తడిగానే సంచిలో వేసుకుని మా గురువుగారి దగ్గరికి పరుగెత్తాను. ఆరనివ్వకుండా తెచ్చినందుకు ఆవిడ ముందు మెచ్చుకున్నారు, ఎందుకంటే ఆరితే రంగు పాతుకుపోతుంది. పెద్ద టబ్బులో బాగా వేడి నీళ్లు, గిన్నెలు తోమే ద్రవం కలిపి, బొంత పూర్తిగా మునిగేట్టు రాత్రంతా ఉంచమన్నారు. నీళ్లు ఎర్రబడితే పారబోసి మళ్లీ. మూడో రోజుకు నీళ్లు తేటబడ్డాయి, గులాబీ దాదాపు పోయింది. ఇప్పుడు ఏ గుడ్డనైనా ముందు తడిపి, తెల్ల గుడ్డ మధ్య ఒత్తి చూడనిదే కత్తెర పెట్టను. కలంకారీ, మంగళగిరి, నారాయణపేట ఏదైనా సరే, ముందు ఒకసారి ఉతికి ఆరేసి, కుంచించుకునేది కుంచించుకున్నాకే కొలవాలి.

ఇక నచ్చనివి. మెట్లు నిటారుగా ఉన్నాయి, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోవాలి. ఇస్త్రీ బల్లలు రెండే కావడంతో పన్నెండు మంది వచ్చిన రోజు సగం సమయం ఎదురుచూపులకే పోతుంది. అక్కడ అమ్మే దిగుమతి గుడ్డ, 18 అంగుళాలకు 22 అంగుళాల ముక్కలు, అందంగా ఉన్నా ధర బాగా ఎక్కువ. నేను చిక్కపేటలో నూలు గుడ్డ తెచ్చుకుంటాను, అందుకు వాళ్లు ఎప్పుడూ ముఖం చిట్లించలేదు. మధ్య పొరకు మొదట్లో ఇచ్చిన పాలిస్టర్ వాడింగ్ నాకు అసలు నచ్చలేదు. గుంటూరు ఎండలకు కాదు సరికదా, బెంగళూరు మార్చి నెలకు కూడా అది పనికిరాదు, చెమట పీల్చదు. దాని బదులు పాత నూలు చీర గానీ పల్చటి ఫ్లానెల్ గానీ పెట్టుకోవచ్చని అడిగాక చెప్పారు. అడగకముందే చెప్పి ఉంటే బాగుండేది.

పెద్ద బొంతలకు పొరలు కలిపి మిషను మీద కుట్టించే పనికి వాళ్లు బయటి వర్క్‌షాపు ఒకదాన్ని సిఫారసు చేస్తారు. నాది రెండు వారాల్లో ఇస్తామని ఏడు వారాలకు ఇచ్చారు, వెనక వైపు దారం బిగువు తప్పి వలయాలు వలయాలుగా వేలాడింది. డబ్బు తిరిగి ఇవ్వలేదు. మా గురువుగారు మాత్రం బాధపడి, రెండు శనివారాలు నా పక్కన కూర్చుని ఆ కుట్లు విప్పించి, చేత్తో మళ్లీ కుట్టించారు. ఆ రెండు రోజులకు రుసుము తీసుకోలేదు. మంచం అంత బొంత అయితే బయటికి ఇవ్వకుండా గళ్లు గళ్లుగా పొరలు కలిపి కుట్టుకుని ఆఖర్న అతకడం మేలని నా అభిప్రాయం.

జాకెట్టు కుట్టడం రానివాళ్లు కూడా చేరవచ్చు; సూదికి దారం ఎక్కించడం వస్తే సరిపోతుంది. రెండు నెలల్లో మంచానికి సరిపడే బొంత కావాలనుకునేవాళ్లకు ఆ చోటు కుదరదు, అక్కడ ఊయల బొంతకే నాలుగు నెలలు పడుతుంది. మొదటి రోజు ఉతికి ఇస్త్రీ చేసిన నూలు గుడ్డ రెండు రంగులలో అర మీటరు చొప్పున, ఒక చిన్న కత్తెర, కళ్లజోడు తీసుకుని పదకొండుకు పది నిమిషాల ముందే వెళ్లండి. కిటికీ పక్క మిషనుకు వెలుతురు బాగుంటుంది, అది ముందు వచ్చినవాళ్లకే దొరుకుతుంది.