వియన్నాలో రాజుల సమాధుల టూర్ బయటి సైట్లలో కొనకండి

యూరప్ ట్రిప్‌లో వియన్నా పెట్టుకున్నవాళ్లు ఇది చదివాకే బుక్ చేయండి. అక్కడ కపుచిన్ చర్చి కింద ఒకప్పుడు ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ రాజవంశం సమాధులున్నాయి, కైజర్‌గ్రుఫ్ట్ అంటారు. దాని పేరు పెట్టి మధ్యవర్తి సైట్లు అమ్మే "స్కిప్ ది లైన్" టూర్లలో ఒకటి కొని మేం డబ్బు పోగొట్టుకున్నాం.

లైన్‌లో నిలబడే పని లేదు, గైడ్ అన్నీ దగ్గరుండి చూపిస్తాడు, రాజుల గుండెలు దాచిన గది కూడా ఇందులోనే అని ప్రకటన. తీరా వెళ్తే గైడ్ చర్చి ముందున్న నోయర్ మార్క్ట్ కూడలిలోనే మమ్మల్ని చాలాసేపు నిలబెట్టి కథలు చెప్పి, గుమ్మం దాకా తెచ్చి, లోపలికి టికెట్ మీరే తీసుకోవాలని చెప్పి వెళ్లిపోయాడు. కౌంటర్ దగ్గర చూస్తే అసలు లైనే లేదు! అప్పటికే కౌంటర్ ధరకు దాదాపు మూడింతలు కట్టాం, మళ్లీ అక్కడా కట్టాం. పెద్దవాళ్లు అప్పటికే అలిసిపోయారు, వాళ్లను పక్కన పెట్టుకుని అక్కడేం గొడవపడతాం.

గుండెల మాట అయితే పచ్చి అబద్ధం. ఆ వంశంలో చాలామందికి శరీరం ఈ చర్చి కింద, గుండె వెండి పాత్రలో అగస్టీన్ చర్చిలో, పేగులవీ రాగి పాత్రల్లో సెయింట్ స్టీఫెన్ కెథడ్రల్ కింద పెట్టేవారు. అంటే మూడు వేర్వేరు చర్చిలు. కెథడ్రల్ కింది భాగానికి టికెట్ విడిగా కొనాలి, వాళ్ల గైడ్‌తోనే వెళ్లాలి. అగస్టీన్ చర్చిలో 54 గుండెలున్న గది ఎప్పుడు పడితే అప్పుడు తెరవరు. ఎవరైనా మూడూ ఒకే టికెట్‌లో అంటే నమ్మకండి. ఇంకోటి, షోన్‌బ్రున్ ప్యాలెస్, సిసి (ఎలిజబెత్ మహారాణి) మ్యూజియం కలిపి ఇచ్చే సిసి పాస్ కూడా కైజర్‌గ్రుఫ్ట్‌లో పనికిరాదు. సిసి సమాధి ఇక్కడే ఉంది కాబట్టి చాలామంది అది చాలనుకుంటారు.

చోటు మీద మాత్రం నాకు ఏ ఫిర్యాదూ లేదు. 1633 నుంచి సుమారు 150 మందిని అక్కడ ఉంచారు. ఆరో చార్లెస్ శవపేటిక మూల మీద ఒక పుర్రె, దాని నెత్తిన చక్రవర్తి కిరీటం! ఆయన కూతురు మరియా థెరీసా, ఆమె భర్త తమ జంట పేటిక మీద అప్పుడే నిద్ర లేచినట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉంటారు, దాని ముందే కొడుకు రెండో జోసెఫ్‌ది ఏ నగిషీ లేని రాగి పెట్టె. ఇవన్నీ తీరిగ్గా చూడాల్సినవి, కూడలిలో నిలబెట్టి సగం టైమ్ తినేస్తే మనసు ఎంత కష్టపడుతుందో చెప్పలేను.

టికెట్ అక్కడి కౌంటర్‌లో గానీ వాళ్ల సొంత వెబ్‌సైట్‌లో గానీ తీసుకోండి. ఇప్పటికే బయట బుక్ చేసి ఉంటే, ప్రవేశ రుసుము కలిపారో లేదో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదివి, కలపకపోతే ఈరోజే క్యాన్సిల్ చేయండి. ప్రకటన స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మేం రీఫండ్ అడిగితే మీరు కొన్నది "వాకింగ్ టూర్" అని జవాబిచ్చారు, పేజీలో మాటలు కూడా మార్చేశారు. మా దగ్గర పాత స్క్రీన్‌షాట్ ఉండబట్టే కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ వేయగలిగాం, అది ఇంకా తేలలేదు.