పీసీఓఎస్‌కి గర్భనిరోధక మాత్రలా, మెట్‌ఫార్మినా?

పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం విడుదల, నెలసరి గాడి తప్పే సమస్య) అని తేలాక డాక్టర్లు ఎక్కువగా రాసేవి ఈ రెండే: గర్భనిరోధక మాత్రలు (కింద ‘మాత్రలు’ అంటే ఇవే), షుగర్‌కి వాడే మందు మెట్‌ఫార్మిన్. కానీ రెండూ ఒకే పని చేయవు.

నెలసరి: మాత్రలతో మొదటి నెల నుంచే లెక్క ప్రకారం వస్తుంది. అయితే అది మాత్ర ఆపిన రోజుల్లో అయ్యే రక్తస్రావమే, అండం విడుదలై వచ్చింది కాదు. మెట్‌ఫార్మిన్‌తో నెలలు పడుతుంది, అందరికీ గాడిన పడదు కూడా.

మూలం: అసలు తేడా ఇక్కడే. ఇన్సులిన్ చెప్పిన మాట శరీరం వినకపోతే క్లోమం ఇంకా ఎక్కువ వదులుతుంది. ఆ ఇన్సులిన్ అండాశయాల్లో మగ హార్మోన్లను పెంచుతుంది, అండం ఎదుగుదల మధ్యలోనే ఆగిపోతుంది. మెట్‌ఫార్మిన్ పనిచేసేది ఆ ఇన్సులిన్ మీద. మాత్రలు మగ హార్మోన్లను అణచి మొటిమలు, అవాంఛిత రోమాలు తగ్గిస్తాయి. ఇన్సులిన్ సమస్య అలాగే ఉంటుంది.

ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో వాపు): మాత్రలు వాడేవాళ్లలో సీఆర్‌పీ (వాపును సూచించే రక్తపరీక్ష) పెరగొచ్చు. రిపోర్టు చూసి కంగారు పడకుండా, మాత్రల సంగతి డాక్టరుకు చెప్పండి.

ఇబ్బందులు: మెట్‌ఫార్మిన్‌తో వికారం, విరేచనాలు. తక్కువ డోసుతో, భోజనంతో పాటు మొదలుపెడితే చాలామందికి సర్దుకుంటాయి. ఏళ్ల తరబడి వాడితే బీ12 పరీక్ష చేయించుకోవాలి. మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు కొంత ఉంది. 35 దాటి పొగతాగేవాళ్లకు, కళ్ల ముందు మెరుపులతో మైగ్రేన్ వచ్చేవాళ్లకు వద్దు.

నెలసరి 90 రోజులు దాటినా రాకపోవడం, రోమాలు, మొటిమలు మీ బాధైతే మాత్రలే నయం; గర్భాశయ పొర మందం కాకుండానూ కాపాడతాయి. బరువు, షుగర్ భయం ఉంటే మెట్‌ఫార్మిన్. రెండూ ఉంటే కలిపి ఇస్తారు. పిల్లలు ఇప్పుడే వద్దనుకుంటే ఒక్క మెట్‌ఫార్మిన్‌ని నమ్ముకోకండి, అండం విడుదల మొదలైతే గర్భం రావచ్చు.