ఎనిమిదేళ్ళ ఐబీ బడి: ఒక తల్లి అనుభవం

మా అమ్మాయిని 2017లో ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే అంతర్జాతీయ బోర్డు) బడిలో ఒకటో తరగతిలో చేర్చాం. ఇప్పుడు తొమ్మిదికి వచ్చింది. మేముండేది హైదరాబాద్‌లోని నల్లగండ్లలో. అప్పట్లో గచ్చిబౌలి నుంచి శంకర్‌పల్లి దాకా పదకొండు బళ్ళు తిరిగాం. గేటు మీద ‘ఇంటర్నేషనల్’ అని రాసి ఉన్నవాటిలో సగానికి పైగా లోపల చెప్పేది సీబీఎస్ఈ సిలబస్సే. అది తక్కువని కాదు, మనం దేనికి డబ్బు కడుతున్నామో తెలిసి కట్టాలి.

అందుకే ముందుగా అడగాల్సింది ఈత కొలను గురించి కాదు, ఏ బోర్డు, ఏ తరగతి దాకా గుర్తింపు ఉంది అని. ఐబీలో చిన్న తరగతులకు పీవైపీ (ప్రైమరీ ఇయర్స్ ప్రోగ్రామ్), ఆ పైన పదో తరగతి దాకా ఎంవైపీ (మిడిల్ ఇయర్స్ ప్రోగ్రామ్), చివరి రెండేళ్ళకు డిప్లొమా. ఒక్కోదానికి బడి విడిగా గుర్తింపు తెచ్చుకోవాలి. ‘క్యాండిడేట్ స్కూల్’ అన్నారంటే గుర్తింపు ఇంకా రాలేదనే అర్థం. మేం చేర్చేనాటికి మా బడికి పీవైపీ ఒక్కటే ఉంది. మిగతావి వచ్చేస్తాయన్నారు, నమ్మాం. ఎంవైపీ వచ్చింది గానీ, పిల్ల ఆరో తరగతిలో అడుగుపెట్టాకే. అప్పటిదాకా నాకు కంటి మీద కునుకు లేదు. ఐబీ వెబ్‌సైట్‌లో బడి పేరు కొడితే రెండు నిమిషాల్లో తెలిసిపోయే సంగతి అది.

ఫీజు సంగతి. దరఖాస్తు ఫీజు, అడ్మిషన్ ఫీజు మళ్ళీ చేతికి రావు. ఒకటో తరగతికి బస్సు, భోజనంతో కలిపి నాలుగున్నర లక్షలైంది. ఇప్పుడు ఎనిమిదిన్నర. మా ఆయనకు ఉద్యోగం లేని ఆరు నెలలూ నా గాజులు బ్యాంకులో పెట్టి టర్మ్ ఫీజు కట్టాం. ఏటా పది శాతం పెరుగుతుందనుకుని పన్నెండో తరగతి దాకా లెక్కేసుకున్నాకే దరఖాస్తు పెట్టండి.

చదువు విషయంలో మాత్రం నాకు దక్కిన సంతోషం చిన్నది కాదు. పీవైపీ చివరి ఏడాది పిల్లలు ఎగ్జిబిషన్ చేయాలి. తామే ఒక సమస్యను ఎంచుకుని, వారాల తరబడి తిరిగి తెలుసుకుని, అందరి ముందూ చెప్పాలి. మా అమ్మాయి మా ఇంటి దగ్గరి చెరువును ఎంచుకుంది. మురుగు ఎక్కణ్ణుంచి కలుస్తోందో వాళ్ళ నాన్నను వెంటబెట్టుకుని వెతికింది. చేపలు పట్టే పెద్దాయన పక్కన కూర్చుని, “తాతా, మీ చిన్నప్పుడు నీళ్ళు ఎలా ఉండేవి?” అని అడిగి రాసుకుంది. పదేళ్ళ వయసులో నేను మాస్టారిని సందేహం అడగడానికే వణికేదాన్ని.

కానీ ఆ ఏడాదే దానికి ఏడో ఎక్కం తడబడేది. లెక్క ఎందుకు అలా వచ్చిందో చక్కగా చెబుతుంది, వేగంగా చేయమంటే చేయలేదు. ఎక్కాలు ఇంట్లో నేనే వల్లె వేయించాను. టీచర్లు తరచూ మారిపోవడం ఇంకో దెబ్బ. నాలుగో తరగతిలో ఒక్క ఏడాదిలోనే ముగ్గురు మారారు. బడి చూడ్డానికి వెళ్ళినప్పుడు, ఇప్పుడున్న టీచర్లలో మూడేళ్ళకు పైబడి ఎందరున్నారో అడగండి. 2018 చట్టం ప్రకారం తెలంగాణలో ఏ బోర్డు బడైనా పదో తరగతి దాకా తెలుగు చెప్పాల్సిందే. మా దగ్గర చెబుతున్నారు, కానీ వారానికి రెండే పీరియడ్లు. అమ్మమ్మకు ఉత్తరాలు రాయించి నేను ఆ లోటు పూడుస్తున్నాను.

అసలు చిక్కు పదో తరగతి దగ్గర. ఎంవైపీలో చివరి ఏడాది ఐబీ పెట్టే, కంప్యూటర్ మీద రాసే పరీక్షలు తప్పనిసరి కాదు, బడి ఇష్టం. పిల్లను తర్వాత ఇంటర్‌లో వేయాలనుకుంటే ఏ సర్టిఫికెట్ చేతికొస్తుందో ఇప్పుడే తేల్చుకోవాలి. ఇక డిప్లొమా అంటే ఆరు సబ్జెక్టులు, 4000 పదాల దాకా ఒక పరిశోధన వ్యాసం, పైగా సేవా కార్యక్రమాలు. మొత్తం 45 పాయింట్లకు. దాంతోపాటు జేఈఈ కోచింగ్ అంటే పిల్ల నలిగిపోతుంది. ఇంజనీరింగే లక్ష్యమైన ఇంటికి ఈ దారి నేను చెప్పను. మా అమ్మాయి పర్యావరణం చదువుతానంటోంది కాబట్టి ఇక్కడే ఉంచుతున్నాం.

చిన్నవాణ్ణి మాత్రం ఇంటికి పది నిమిషాల దూరంలో సీబీఎస్ఈ బడిలో వేశాం. వాడికి లెక్కలంటే ప్రాణం, బస్సులో గంటన్నర కూర్చోలేడు.