అంకెల డయల్ మీద నా ఫిర్యాదు: షార్ట్‌వేవ్ రేడియో, చాలా ఏళ్ల వాడకం తర్వాత

ఈ సెట్టు మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. డయల్ మీద నేను ఎక్కడ ఉన్నానో అది ముందే చెప్పేస్తుంది.

2012లో కొన్నాను. పెన్సిల్ సెల్స్‌తో నడిచే, దూరదేశాల షార్ట్‌వేవ్ స్టేషన్లు పట్టే, అంకెల డయల్ ఉన్న చేతిరేడియో. కంపెనీ పేరు రాయడం లేదు, ఈ తరగతి సెట్లు దాదాపు అన్నీ ఇలాగే ఉంటాయి. బ్యాండ్లు, మెమరీలు, ధరలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికీ పోను.

మా చిన్నప్పటి వాల్వు రేడియో స్విచ్ వేయగానే పలికేది కాదు. ముందు గాజు డయల్ వెనక పసుపు దీపం వెలిగేది. వాల్వులు వేడెక్కాక, స్టేషన్ సరిగ్గా కుదిరిందో లేదో చూపే మ్యాజిక్ ఐ దీపం పచ్చగా విచ్చుకునేది, ఆ తర్వాతే గురగుర. దారం లాగే ముల్లు వెంట్రుకవాసి జరిగితే చాలు, రేడియో సిలోన్ పోయి ఇంకేదో భాష వచ్చేది. మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు కార్యక్రమం కోసం నాన్నగారు మునివేళ్లతో నాబ్ తిప్పేవారు. నేను మాత్రం ఆ దారిలో తగిలే పరాయి గొంతుల కోసం పక్కన కూర్చునేవాణ్ని. ఎవరో, ఏ దేశమో తెలిసేది కాదు. తెలియాలంటే గంట కొట్టేదాకా ఆగాలి, అప్పుడు స్టేషన్ పేరు చెప్తారు. ఆ లోపు సిగ్నల్ పోతే అంతే సంగతులు.

ఇప్పుడు ఫ్రీక్వెన్సీ అంకెల్లో కనబడుతుంది. ఫోన్‌లో షెడ్యూలు తెరిస్తే ఆ అంకె దగ్గర ఈ గంటకు ఎవరు, ఏ భాష, ట్రాన్స్‌మిటర్ ఏ ఊళ్లో ఉంది, ఎన్ని కిలోవాట్లు, యాంటెన్నా ఏ దిక్కుకు తిరిగి ఉంది, అన్నీ ఉంటాయి. మనిషి నోరు విప్పేలోపే ఎవరో తెలిసిపోతుంది. ఏటీఎస్ బటన్ అయితే మరీ అన్యాయం. ఒక్కసారి నొక్కితే బ్యాండంతా తనే గాలించి, దొరికిన స్టేషన్లను వరసగా మెమరీలో పెట్టేస్తుంది. వెతకడమే కదా మా హాబీ!

కొన్న కొత్తలో ఇదే డయల్‌ను కనబడ్డవాళ్లందరి దగ్గరా మెచ్చుకున్నాను. ఆ మెచ్చుకోలు పూర్తిగా వెనక్కి తీసుకోను. స్టేషన్ ఎలా వినబడిందో రిసెప్షన్ రిపోర్టు రాసి, విన్నట్టు స్టేషన్ ధ్రువీకరించి పంపే క్యూఎస్‌ఎల్ కార్డు తెప్పించుకునేవాళ్లకు ఫ్రీక్వెన్సీ కచ్చితంగా కావాలి. సెట్టులోని సింక్ డిటెక్షన్ అనే సదుపాయాన్ని కూడా అప్పట్లో ఆకాశానికెత్తాను. పక్క స్టేషన్ రొదను తగ్గించడంలో అది నిజంగా గొప్పదే, కాకపోతే సిగ్నల్ గట్టిగా ఉన్నప్పుడు. సన్నగా, తేలిపోతూ వచ్చే స్టేషన్ల మీద పట్టు వదిలేసి ఈల వేస్తుంది. నాకు కావలసినవేమో అవే.

తప్పంతా డయల్ మీదే వేయడం కూడా న్యాయం కాదు. వినడానికి స్టేషన్లే తగ్గిపోయాయి. నేను సెట్టు కొన్న ఏడాదే రేడియో నెదర్లాండ్స్ ఆగిపోయింది. రేడియో ఆస్ట్రేలియా 2017 జనవరి ఆఖరున షార్ట్‌వేవ్ వదిలేసింది, బీబీసీ హిందీ 2020 జనవరి ఆఖరున. 60 మీటర్ల బ్యాండులో 4800 కిలోహెర్ట్జ్ మీద వచ్చే మన హైదరాబాద్ కూడా ఇప్పుడక్కడ లేదు.

అయినా ఈ సెట్టును ఇన్నాళ్లు అట్టే పెట్టుకోవడానికి కారణం ఒక రాత్రి.

2014 అక్టోబర్ 12న మా విశాఖ మీద హుద్‌హుద్ తుఫాను పడింది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లకు సిగ్నల్ లేదు. పగలంతా నీళ్ల కోసం, పాల ప్యాకెట్ల కోసం తిరగడమే. కరెంటు ఇంకా రాని ఒక రాత్రి, వార్తలేమైనా దొరుకుతాయేమోనని సెట్టు పట్టుకుని డాబా ఎక్కాను. నీళ్ల ట్యాంకు నుంచి పిట్టగోడ చివరి కర్ర దాకా నేను కట్టుకున్న రాగి తీగ గాలికి తెగిపోయి ఉంది. ముక్కలు రెండూ మెలిపెట్టి కలిపి, క్లిప్పుతో సెట్టు యాంటెన్నాకు తగిలించాను. కొత్త సెల్స్ దొరకని పరిస్థితి కనుక డయల్ లైటు ఆపేశాను.

ఆన్ చేయగానే సెట్టు పాడైందనుకున్నాను. రొదే లేదు.

అన్నాళ్లూ ఆ గుయ్‌మనే చప్పుడు షార్ట్‌వేవ్‌ది అనుకున్నాను. అది ఊరిది. టీవీలు, సీఎఫ్‌ఎల్ బల్బులు, ఇన్వర్టర్లు, ఛార్జర్లు కలిసి చేసే మోత. ఊరంతా కరెంటు పోయేసరికి అదీ పోయింది. నాబ్ తిప్పుతుంటే ప్రతి రెండు స్టేషన్ల మధ్యా ఇంకో సన్నటి గొంతు. పొద్దుగూకాక దూరపు స్టేషన్లు రావడం కొత్తేమీ కాదు. సిగ్నల్‌ను కిందికి తిప్పి పంపే పై వాతావరణం అయనోస్ఫియర్; పగలు సిగ్నల్‌ను మింగేసే దాని కింది పొర రాత్రికి మాయమవుతుంది. వచ్చినవన్నీ వినబడటమే ఆ రాత్రి కొత్త.

ఒకచోట ఎవరో ఒకావిడ ఏదో తీగ వాద్యం మీద పాడుతోంది. భాష పోల్చుకోలేకపోయాను. చీకట్లో అంకె కనబడదు, ఫోన్ పనిచేయదు. గంట కొట్టేదాకా ఆగుదామని మెట్ల మీద కూర్చున్నాను. ఇంకాసేపట్లో గంట అనగా గొంతు ఒక్కసారి పైకి లేచి, హోరులో కలిసిపోయింది. ఎవరో ఇప్పటికీ తెలియదు. నాన్నగారి పక్కన కూర్చున్నప్పటి ఆత్రం అన్నేళ్ల తర్వాత నాకు ఆ మెట్ల మీద మళ్లీ దొరికింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సూర్యుడి మీద మచ్చలు సుమారు పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గుతాయి, అవి బాగా ఉన్నప్పుడు పై బ్యాండ్లు, అంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీలవి, బాగా పలుకుతాయి. 2014 అలాంటి ఏడాది. కాబట్టి ఆ రాత్రి గొప్పతనమంతా కరెంటు కోతదే అనలేను.

అప్పటి నుంచి అంకెల మీద నల్ల ఇన్సులేషన్ టేపు అంటించి వింటున్నాను. పేరు విన్నాకే టేపు ఎత్తి అంకె రాసుకుంటాను. ఫోన్ కిందే వదిలి డాబా ఎక్కుతాను. ఇంట్లో రొద ఎక్కడిదో పట్టుకోవడానికి మెయిన్ ఆపి, సెట్టును సెల్స్ మీద పెట్టి, ఒక్కో ఎంసీబీ వేస్తూ విన్నాను. మా ఇంట్లో దొరికింది వంటింట్లోని చవక ఎల్‌ఈడీ బల్బు, దాని తర్వాత ల్యాప్‌టాప్ ఛార్జర్. బల్బు మార్చగానే 25 మీటర్ల బ్యాండు తేటపడింది. పక్కింటి సోలార్ ఇన్వర్టర్‌ను నేనేమీ చేయలేను, కానీ అది ఎండ ఉన్నంతసేపే కనుక చీకటి పడేదాకా ఆగుతాను.

కొనమంటారా అని అడిగితే, నాకు సొంత డాబా ఉంది, రిటైరయ్యాను, రాత్రి ఎంతసేపు మేలుకున్నా అడిగేవాళ్లు లేరు. అపార్ట్‌మెంటులో ఆరో అంతస్తులో ఉండి, చుట్టూ నలభై ఇన్వర్టర్లు ఉన్నవాళ్లకు నా మాట పనికిరాదు. పాత పాటలే కావాలంటే ఆకాశవాణి యాప్ చాలు. అయినా ఆశ ఉంటే, ఎవరిదైనా సెట్టు అడిగి తెచ్చుకుని మీ ఇంట్లో రాత్రి తొమ్మిదికి 9400 నుంచి 9900 కిలోహెర్ట్జ్ దాకా నెమ్మదిగా తిప్పి చూడండి. హోరు తప్ప ఏమీ లేకపోతే ముందు మీ బల్బుల సంగతి చూసుకోండి, డబ్బు తర్వాత పెట్టవచ్చు. నాదైతే పాడైనప్పుడు మళ్లీ ఇలాంటిదే కొంటాను, ముల్లు డయల్ ఉన్న మంచి సెట్టు ఎక్కడా దొరకకపోతే.