చుక్కా నక్షత్రం: మూడేళ్లుగా రైటర్‌లో పొట్టిమాటలతో

నేను దస్తావేజులు టైపు చేస్తాను. ఒక్కో దస్తావేజులో ‘విక్రయదారు’ అన్న మాట ఎన్నిసార్లు కొట్టాల్సి వస్తుందో ఈ పనిలో ఉన్నవాళ్లకే తెలుసు. అందుకే పాత అను తెలుగు ఫాంట్లు వదిలి యూనికోడ్‌కి మారినప్పుడే, నేను టైపు చేసే సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ రైటర్‌లో పొట్టిమాటలు (రెండు మూడు అక్షరాలు కొడితే పూర్తి మాటగా మారేవి) పెట్టుకోవడం మొదలుపెట్టాను. మూడేళ్లయింది. ఇప్పుడు అవి లేకుండా పని చేయమంటే నా వల్ల కాదు.

మొదటి వారం మాత్రం విసుగొచ్చింది. కొట్టిన మాటని దానంతట అదే మార్చే ఆటోకరెక్ట్ ఆప్షన్స్‌లో మాటల పట్టిక తెరిచి ‘వికదా’ అని ఇచ్చి, ఎదురుగా ‘విక్రయదారు’ అని రాస్తే ఏమీ మారలేదు. ఆ పట్టిక ఒక్కో భాషకి విడిగా ఉంటుంది, నేను ఇంగ్లిష్ పట్టికలో రాశాను. భాష తెలుగు అని పెట్టాక ‘వికదా’ మారింది. ‘వికదాకు’ మాత్రం మారలేదు. మన మాటకి వెనకాల కు, ని, తో, లు ఏదో ఒకటి అతుక్కునే ఉంటుంది. విడి మాటని మాత్రమే గుర్తుపట్టే పొట్టిమాట తెలుగులో సగం పనికి కూడా రాదు.

ఓ రోజు హెల్ప్ పేజీ చదువుతుంటే దారి దొరికింది. పొట్టిమాట చివర చుక్క, నక్షత్రం (.*) పెడితే దాని తర్వాత ఏం కొట్టినా అలాగే ఉంచి ముందు భాగాన్ని మాత్రం మారుస్తుంది. ‘వికదా.*’ అని పెట్టాను. ‘వికదాలకు’ అని కొట్టి స్పేస్ నొక్కగానే ‘విక్రయదారులకు’ అని వచ్చింది. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది. హెల్ప్‌లో ఇచ్చిన ఉదాహరణ ఇంగ్లిష్ బహువచనానిది, కానీ ఇంగ్లిష్ కంటే తెలుగుకే దీని అవసరం ఎక్కువ.

అన్ని మాటలకీ కుదరదు. దస్తావేజు, పంచాయతీ లాంటివి చక్కగా వస్తాయి. ‘మండలం’ దగ్గర తేడా వస్తుంది. ‘మండలంలో’ వరకు సరే, ‘మండలానికి’ రావాల్సిన చోట ‘మండలంకి’ అవుతుంది. సున్నాతో ముగిసే మాటల్ని నేను ఇప్పటికీ పూర్తిగానే కొడతాను.

ఇక ఆ నక్షత్రమే నన్ను ఓసారి గట్టిగా ఇబ్బంది పెట్టింది. ‘సబ్‌రిజిస్ట్రారు’ కోసం ‘సరి.*’ అని పెట్టుకున్నాను. మర్నాడు 5 సెంట్ల స్థలం, అంటే 242 చదరపు గజాలు, అమ్మకం రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు నా కళ్లు చిత్తుకాగితం మీద ఉంటాయి, తెర మీద కాదు. స్థలం వివరాలుండే షెడ్యూలు పేజీలో ‘ఈ సరిహద్దుల మధ్యగల’ అని కొట్టాను. పడింది ‘ఈ సబ్‌రిజిస్ట్రారుహద్దుల మధ్యగల’ అని. ప్రింటు తీశాం, అమ్మే పెద్దావిడ ప్రతి పేజీలో వేలిముద్ర వేసింది. తీరా రిజిస్ట్రేషన్ ఆఫీసులో కాగితాలు చూసే ఆయన ఆ లైను దగ్గర వేలు పెట్టి ఆగారు. ఆ పేజీ మళ్లీ కొట్టి తెచ్చేదాకా ఆవిడ ఎండలో అరుగు మీద కూర్చుంది. తప్పు నాది, ఎదురుచూడటం ఆవిడ వంతయింది. ఆ రోజు పడిన టెన్షన్ ఇంకా పోలేదు.

అప్పటి నుంచి నా పొట్టిమాటలన్నీ ‘ఙ’తో మొదలవుతాయి. మనం రాసే మాట ఏదీ ఆ అక్షరంతో మొదలవదు. ‘ఙస.*’ సబ్‌రిజిస్ట్రారు, ‘ఙవ.*’ విక్రయదారు, ‘ఙక.*’ క్రయదారు. నేను వాడే తెలుగు కీబోర్డు అమరిక ఇన్‌స్క్రిప్ట్‌లో షిఫ్ట్ పట్టుకుని యూ నొక్కితే ఙ పడుతుంది, రెండు రోజుల్లో వేళ్లకి అలవాటైంది. పేరాలకి పేరాలు రావాలంటే ఆటోటెక్స్ట్ వేరే ఉంది. అది ఎఫ్3 నొక్కితేనే విచ్చుకుంటుంది కాబట్టి దాని వల్ల నాకు ఏ ఇబ్బందీ రాలేదు.

రోజూ అవే మాటలు కొట్టే నాలాంటివాళ్లు తప్పకుండా పెట్టుకోవాలనే అంటాను. కథలు, వార్తలు రాసేవాళ్లకి ఇంత ఉపయోగం ఉంటుందని చెప్పలేను. ఒకే కంప్యూటర్ మీద ఇద్దరు ముగ్గురు పని చేసే చోట మాత్రం ఆలోచించుకోవాలి, ఒకరి పొట్టిమాటలు ఇంకొకరికి తెలియవు. మధ్యాహ్నం నా సీట్లో కూర్చునే అబ్బాయికి అందుకే వేరే లాగిన్ పెట్టి ఇచ్చాను. వాడి పట్టిక ఖాళీగా ఉంది.