ప్యూర్‌ఎక్స్‌ప్రెస్ కిట్టు: కృత్రిమ కణానికి సరే, తొలి కణానికి కాదు

కణం అవసరం లేకుండా గొట్టంలోనే డీఎన్‌ఏ నుంచి ప్రోటీన్ తయారుచేసే కిట్టు ఇది. న్యూ ఇంగ్లండ్ బయోల్యాబ్స్ అనే కంపెనీ అమ్మే దీనికి మూలం 2001లో టోక్యో విశ్వవిద్యాలయంలో షిమిజు, ఉయెడా బృందం రూపొందించిన ప్యూర్ పద్ధతి. ఈ.కోలై బ్యాక్టీరియా కణాలను పగలగొట్టి రసాన్ని ఉన్నదున్నట్టు వాడరు. ప్రోటీన్ తయారీకి కావలసిన ఎంజైములను ఒక్కొక్కటిగా శుద్ధి చేసి, ప్రోటీన్‌ను కూర్చే యంత్రాలైన రైబోజోములతో కలుపుతారు. గొట్టంలో ఏముందో తెలిసి ఉండటమే దీని అసలు విలువ.

25 మైక్రోలీటర్ల రియాక్షన్‌కు కిట్టులోని సొల్యూషన్ ఎ 10, బి 7.5 మైక్రోలీటర్లు, ఆర్‌ఎన్‌ఏజ్‌ను (ఆర్‌ఎన్‌ఏను కోసేసే ఎంజైము) అడ్డుకునే ఇన్‌హిబిటర్ 20 యూనిట్లు, డీఎన్‌ఏ సుమారు 250 నానోగ్రాములు, తక్కినది నీళ్లు. 37 డిగ్రీల దగ్గర 2 నుంచి 4 గంటలు. ముందు ఎ, అందులోకి బి. ఎ లేకుండా బిని పలుచన చేయకూడదు. ప్రోటీన్ రాకపోతే మొదట అనుమానించాల్సింది మినీప్రెప్ డీఎన్‌ఏని, అంటే బ్యాక్టీరియా నుంచి కొద్ది మొత్తంలో తీసిన డీఎన్‌ఏని. అందులో మిగిలిపోయిన ఆర్‌ఎన్‌ఏజ్ మొత్తం పని చెడగొడుతుంది. కిట్టుతో వచ్చే డీహెచ్‌ఎఫ్‌ఆర్ కంట్రోల్‌లో (తప్పక ప్రోటీన్ ఇవ్వాల్సిన సరిచూపు నమూనా) మీ డీఎన్‌ఏ కొంచెం కలిపి చూడండి: కంట్రోల్ కూడా ఆగిపోతే డీఎన్‌ఏ మురికిది, ఆగకపోతే లోపం సీక్వెన్సులో ఉంది.

కృత్రిమ కణం చేయాలంటే ఈ మిశ్రమాన్ని కొవ్వు పొర లోపలికి ఎక్కించాలి, అక్కడే అసలు తిప్పలు. మిశ్రమంలో సుక్రోజు కలిపి, పీఓపీసీ అనే పొర కొవ్వు కరిగించిన మినరల్ ఆయిల్‌లో వేసి, నూనె పాలలా తెల్లబడేదాకా గొట్టాన్ని ర్యాకు మీద గరగరా రుద్దాలి. దాన్ని గ్లూకోజు ద్రావణం మీద పోసి సెంట్రిఫ్యూజ్ చేస్తే నూనెలో ఒక కొవ్వు పొర కప్పుకున్న బరువైన బిందువులు రెండో పొర తొడుక్కుని కిందికి దిగుతాయి. ఈ కిట్టులో ఉప్పులు ఎక్కువ కాబట్టి గ్లూకోజు లెక్కను ఊహతో వేయొద్దు, ఆస్మోమీటర్‌తో (ద్రావణంలో కరిగినవాటి గాఢతను చూపే పరికరం) కొలవండి. బయట పలచనైతే కణాలు ఉబ్బి పగులుతాయి, చిక్కనైతే ముడుచుకుంటాయి. పచ్చగా వెలిగే ప్రోటీన్ జీఎఫ్‌పీ జన్యువు పెట్టి మైక్రోస్కోపులో చూస్తే ఒకటి పచ్చగా వెలుగుతుంది, పక్కది నల్లగానే ఉంటుంది. అంత చిన్న పరిమాణంలో అన్ని భాగాలూ అందరికీ సమంగా అందవు మరి.

కొన్ని గంటల్లో తయారీ ఆగిపోతుంది. ఇంధనం అయిపోవడం ఒకటి, పేరుకున్న ఫాస్ఫేటు మెగ్నీషియాన్ని పట్టేయడం ఇంకొకటి. 2004లో నోయిరో, లిబ్‌చాబర్ ఆల్ఫా హీమోలైసిన్ అనే ప్రోటీన్ పొరలో చేసే రంధ్రాలతో బయటినుంచి పోషకాలు అందించి, ఈ.కోలై రసంతో తయారీని 4 రోజుల దాకా నడిపారు.

జీవం పుట్టుక మీద పనిచేసేవాళ్లు మాత్రం కొనేముందు ఆగాలి. తొలి పొరలకు నమూనాగా వాడే ఒలియేటు వంటి కొవ్వు ఆమ్లాల పొరలు కొద్ది మిల్లీమోలార్ మెగ్నీషియానికే విరిగిపోతాయి. రైబోజోముకేమో అంతకంటే ఎక్కువే కావాలి. పైగా రైబోజోమే పరిణామం చేసి ఇచ్చిన సరుకు, దాన్ని కొని పెట్టుకుని ఆరంభం గురించి అడగలేం. ఆ ప్రశ్నకు జీవం పుట్టుకను పరిశోధించే జాక్ షోస్టాక్ ప్రయోగశాల 2013లో చూపిన దారి నయం: మెగ్నీషియాన్ని సిట్రేటుతో కట్టి, పొర చెడకుండా లోపల ఎంజైములు లేకుండానే ఆర్‌ఎన్‌ఏ నకలు తీయడం. దానికి ఈ కిట్టుతో పనే లేదు.