ఫ్రీస్‌లాండ్ స్కేట్లనుకుని కొన్నాను, మడమ మర వేరే ఊరు చెప్పింది

పార్సిల్ విప్పి, మంచు మీద జారే పాతకాలపు చెక్క స్కేటు చేతిలోకి తీసుకోగానే అనుమానం వచ్చింది. మడమ ఆనే చోట చెక్కలోంచి ఇనప మర (స్క్రూ) పైకి పొడుచుకొచ్చి ఉంది. ఆన్‌లైన్ పాతసామాన్ల దుకాణం వాళ్ళేమో "ఫ్రీస్‌లాండ్, 19వ శతాబ్దం" అని, అంటే నెదర్లాండ్స్ ఉత్తర ప్రాంతపు సరుకని రాశారు. ఆ ఒక్క మాట నమ్మే 65 యూరోలు పెట్టాను.

ఫ్రీస్‌లాండ్ స్కేటంటే డోర్‌లోపర్, అంటే చివరిదాకా సాగేది. బ్లేడు మడమ కిందకంటా తిన్నగా పోతుంది, ఎత్తు కూడా తక్కువే. గడ్డకట్టిన కాలవల మీద ఊరినుంచి ఊరికి పోయేవాళ్ళకి అదే కావాలి. పదకొండు ఊళ్ళు చుట్టి దాదాపు 200 కిలోమీటర్లు సాగే స్కేటింగ్ పందెం ఎల్ఫ్‌స్టేడెన్‌టోఖ్ట్ 1909లో మొదలైంది కూడా అక్కడే. నెదర్లాండ్స్‌లోనే పడమటి ప్రాంతమైన హాలండ్ వైపు ముక్కు గుండ్రంగా మెలితిరిగిన స్కేట్లుండేవి. వంపులు తిరుగుతూ సొగసుగా జారేవాళ్ళవి అవి. చూడ్డానికి నాకు అవే ఇష్టం, దొరికితే ధర చూసి గుండె ఆగుతుంది. ఈ రెండు రకాల్నీ కాలికి కట్టేది మామూలుగా తోలుపట్టీలతో, తాళ్ళతో.

మడమ మర ఇంగ్లండ్ పద్ధతి. అక్కడి ఫెన్స్ పల్లపు నేలల్లో వాడిన 'ఫెన్ రన్నర్' స్కేట్లకైతే బూటు మడమకి చిల్లు చేసి, స్కేటుని తిప్పి తిప్పి బిగించేవారు. ఆపైన పట్టీలు. మంచి బూటుకి చిల్లు పెట్టాలంటే ప్రాణం ఒప్పదు గానీ, మడమ పక్కకి జారదు. నా జత బ్లేడు మీద ఇంగ్లండ్ ఉక్కు ఊరు 'షెఫీల్డ్' ముద్ర కూడా ఉంది. ముద్ర ఒక్కటే అయితే నమ్మేవాణ్ణి కాదు, షెఫీల్డ్ బ్లేడ్లు అమెరికాదాకా పోయేవి. మరా ముద్రా రెండూ ఒకే మాట చెబుతున్నాయి.

దుకాణానికి రాస్తే "చెక్కవన్నీ డచ్చివే కదా" అని జవాబు! వాదించాక 10 యూరోలు వెనక్కిచ్చారు.

సరుకు మాత్రం బాగుంది. తుప్పు పైపైనే, చెక్క ఒక్కచోట నెర్రె విచ్చింది. పట్టీలు కొత్తవి, మిషను కుట్టు చూస్తేనే తెలుస్తోంది. వస్తువుకి 5లో 4, వివరణకి 1. వీళ్ళ దగ్గర కొనేవాళ్ళు ముందు మడమ వైపు ఫొటో అడగండి, ముక్కు ఫొటో తర్వాత.